గుర్తు లేని ఎన్నిక

"గుర్తేంది బిడ్డా?" అన్నాడు చిన్నబాపు.

ఇక్కడ రాత్రి పదిన్నర, అక్కడ పొద్దున ఎనిమిది. న్యూజెర్సీలో మేముండే ఊళ్ళో స్కూల్ బోర్డుకు నిలబడుతున్నానని ఫోన్లో చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట అది. ఏ పార్టీ అని అడగలేదు, ఖర్చెంత అని అడగలేదు.

"గుర్తు లేదు చిన్నబాపూ. పార్టీ లేదు, గుర్తు లేదు. కాయితం మీద పేరొక్కటే ఉంటది."

కాసేపు అటునుంచి చప్పుడు లేదు. తర్వాత, "గుర్తు లేకుంటే నిన్నెట్ల గుర్తువడ్తరే?" అన్నాడు.

నవ్వించడానికన్న మాట కాదది. 2019 జనవరిలో సర్పంచ్‌గా నిలబడి ఓడిపోయిన మనిషి ఆయన. తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు కూడా పార్టీలు లేనివే. పార్టీ గుర్తులుండవు. ఎన్నికల సంఘం దగ్గర ఉంగరం, కత్తెర, బ్యాట్, ఫుట్‌బాల్, టీవీ రిమోట్ అంటూ ఒక జాబితా ఉంటుంది. అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షరక్రమంలో పెట్టి ఆ గుర్తుల్ని వరసగా పంచేస్తారు. సర్పంచ్‌కు గులాబీ రంగు కాగితం, వార్డు మెంబరుకు తెల్ల కాగితం. తమాషా ఏమిటంటే ఆ కాగితం మీద అభ్యర్థి పేరే ఉండదు, గుర్తు మాత్రమే ఉంటుంది. చిన్నబాపుకు కత్తెర వచ్చింది. ప్రచారం అయ్యేదాకా దర్జీ దగ్గర ఎరువు తెచ్చిన పెద్ద కత్తెర పట్టుకుని తిరిగాడు. ఓడిపోయాక దర్జీది దర్జీకి ఇచ్చేశాడు కానీ పిల్లలు మాత్రం ఇప్పటికీ కత్తెర తాత అనే పిలుస్తారు.

ఆ రాత్రి ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆలోచించాను. అక్కడ ఊళ్ళో ఆయన తెలియని వాళ్ళు లేరు. తాత ముత్తాతలతో సహా తెలుసు. అందుకని పేరుతో పనిలేదు, గుర్తు చాలు. ఇక్కడ నేనెవరో మా వీధి దాటితే ఎవరికీ తెలియదు. కాగితం మీద మాత్రం ఉత్త పేరే. అదీ ఎలాంటి పేరు! ముందు పేరులో 11 ఇంగ్లిషు అక్షరాలు, ఇంటిపేరులో 14. బ్యాంకులో, ఆస్పత్రిలో, మా చిన్నదాని టీచర్ల దగ్గర సగం పేరుతోనే ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చాను. ఇప్పుడు ఆ పేరునే మొత్తంగా అచ్చు వేయించి, వేలమందిని దాని పక్కన నల్లచుక్క పెట్టమని అడగాలి.

అసలు ఇందులోకి దింపింది ఒక పసుపుపచ్చ బస్సు. న్యూజెర్సీ చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా పిల్లల ఇల్లు బడికి 2 మైళ్ళు దాటితే, హైస్కూలుకైతే 2.5 మైళ్ళు దాటితే, బస్సు ఏర్పాటు స్కూల్ డిస్ట్రిక్టు చేసి తీరాలి. అంతకు లోపలైతే అక్కర్లేదు. అయినా నడిపితే అది మర్యాద. నిజంగానే దాన్ని కర్టెసీ బస్సింగ్ అంటారు. మా ఇంటికీ బడికీ మధ్య 1.9 మైళ్ళు. మధ్యలో నాలుగు వరసల రోడ్డు. 2022లో డబ్బు చాలక మర్యాద తగ్గించారు. రాష్ట్రం బడులకిచ్చే సాయాన్ని కొత్త లెక్కన పంచుతూ 2018లో ఒక చట్టం వచ్చింది, ఆ లెక్కలో ఎక్కువ పొందుతున్నాయని తేలిన డిస్ట్రిక్టులకు ఏడేళ్ళపాటు ఏటేటా కొంత కోత. మాది అందులో ఒకటి. పోనీ ఆ లోటు ఆస్తిపన్నుతో పూడుద్దామా అంటే, కొన్ని మినహాయింపులు తప్పిస్తే ఏడాదికి 2 శాతం మించి వసూలు పెంచకూడదని 2010 నాటి చట్టం అడ్డు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పటికి తెలిసింది ఒక్కటే, రేపటినుంచి బస్సు రాదు.

బోర్డు మీటింగుకు వెళ్ళాను. ఊళ్ళో వాళ్ళు మాట్లాడడానికి మనిషికి మూడు నిమిషాలు ఇస్తారు. మైకు పక్కన చిన్న పెట్టె, అందులో పచ్చ, పసుపు, ఎరుపు దీపాలు. ముందు పేరూ చిరునామా చెప్పాలి, రికార్డు రాసుకునే ఆవిడకు స్పెల్లింగు చెప్పాలి. నా పేరు, వీధి, స్పెల్లింగు పూర్తయ్యేసరికే పసుపు దీపం దగ్గరపడుతోందని అనిపించింది. నాలుగు వరసల రోడ్డు గురించి గబగబా చెప్పి కూర్చున్నాను. వేదిక మీది తొమ్మిదిమంది తలలూపారు. ఎవరూ జవాబివ్వలేదు. ఈ భాగంలో వాళ్ళు వినాలే తప్ప మాట్లాడరని పక్కావిడ చెవిలో చెప్పింది. బయటికొస్తుంటే ఇంకొకాయన, "మీరు నిలబడొచ్చు కదా, కాగితాలు సులువే" అన్నాడు. ఏదో మర్యాదకన్న మాట. నేను నిజమనుకున్నాను.

కాగితాలు నిజంగానే సులువు. ఏడాదిగా ఆ ఊళ్ళో ఉండాలి, ఓటరుగా నమోదై ఉండాలి, చదవడం రాయడం వచ్చి ఉండాలి. ఈ చివరిది చట్టంలోనే రాసుంది. చిన్నబాపుకు చెబితే పడీపడీ నవ్వాడు. అప్పట్లో వాళ్ళ దగ్గర ఇద్దరు పిల్లలకు మించితే పోటీకి పనికిరారు. "మాకు పిల్లల లెక్క, మీకు ఓనమాల లెక్క" అన్నాడు. జీతం లేదు, పదవి మూడేళ్ళు. జులై ఆఖరి సోమవారం సాయంత్రం నాలుగులోగా కౌంటీ క్లర్కు దగ్గర పిటిషన్ ఇవ్వాలి. 2023లో అది జులై 31. అప్పటికి దాని మీద పదిమంది ఓటర్ల సంతకాలు చాలేవి, ఆ పదిలో అభ్యర్థిది కూడా ఒకటి కావచ్చు. అంటే ఇంకా తొమ్మిది.

ఆ తొమ్మిది దగ్గర తెలిసొచ్చింది మా వీధి సంగతి. బతుకమ్మకు మా ఇంటిముందు చెప్పులు లెక్కపెట్టలేం. వినాయక చవితికి పులిహోర గంగాళంతో చేస్తాం. సంతకాలకు వెళితే ఒకరిది హెచ్ వన్ బి, ఒకరిది గ్రీన్‌కార్డు క్యూలో పన్నెండో ఏడు, ఇంకొకరికి కార్డొచ్చింది కానీ పౌరసత్వానికి అయిదేళ్ళు నిండలేదు. ఏడాదికిచ్చే ఉద్యోగపు గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదన్న నిబంధన మా వీధిలో ఇలా ఇంటింటా కూర్చుని ఉంది. అందరి పిల్లలూ ఆ బళ్ళోనే చదువుతున్నారు. అందరూ ఆస్తిపన్ను కడుతున్నారు, ఆ పన్నులో సగానికి పైగా బడులకే పోతుంది. ఓటు మాత్రం లేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో పౌరసత్వం లేని తల్లిదండ్రులకు కూడా స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటు ఇవ్వాలని 2016లో జనం తీర్మానించుకున్నారు. న్యూయార్క్ నగరంలో కమ్యూనిటీ స్కూల్ బోర్డులు నడిచినంత కాలం, 2002 దాకా, అలాంటి వీలే ఉండేది. మాకది లేదు. తొమ్మిది సంతకాల కోసం మూడు వీధులు తిరిగాను.

మన దగ్గర బడి కమిటీలకు సరిగ్గా తలకిందుల లెక్క. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు పిల్లల తల్లిదండ్రులే ఉండాలి, సగంమంది ఆడవాళ్ళుండాలి. అక్కడ పిల్లలున్న వాళ్ళదే బడి. ఇక్కడ ఊరందరిదీ. పిల్లలు లేనివాళ్ళు, పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయినవాళ్ళు, అందరికీ ఓటుంది. ఏది మంచిదో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒకాయన తలుపు సగమే తెరిచి, "మా పిల్లలు బడి వదిలి ముప్పై ఏళ్ళయింది, పన్ను మాత్రం నన్ను వదల్లేదు" అన్నాడు. ఆయన కోపంలో న్యాయం లేదనలేను. అయినా వాకిట్లోనే నిలబడి 2 శాతం సంగతంతా ఓపిగ్గా విన్నాడు. పిల్లలున్న వాళ్ళెవరూ అంతసేపు వినలేదు.

తలుపులు కొట్టడం గురించి ఎంతైనా చెప్పొచ్చు. ముందు కుక్క మొరుగుతుంది. తర్వాత బెల్లులోని కెమెరా, "ఎవరు కావాలి?" అంటుంది. మనిషి ఆఫీసులో ఎక్కడో ఉంటాడు, మనం గోడకున్న గుండ్రటి బొత్తానికి దణ్ణం పెట్టి స్కూలు బడ్జెట్ గురించి చెప్పాలి. చిన్నప్పుడు మా నాయనమ్మ ఒకరి వాకిట్లో చెయ్యి చాచొద్దని నేర్పింది. ఆ మాట నాలో ఎంత లోతున దిగిందో మొదటి ఇరవై ఇళ్ళ దగ్గర తెలిసింది. ఓటు అన్న మాట నోట్లోంచి వచ్చేది కాదు. "మీ అమూల్యమైన సమయం" దాకా వచ్చి, చేతిలోని కాగితం ఇచ్చేసి వెనక్కి తిరిగేదాన్ని. మా ఆయన కారులోంచి చూస్తూ, "పెళ్ళి కార్డులు పంచుతున్నట్టున్నావు" అన్నాడు.

మూడు నెలల్లో ఇంట్లోకి రమ్మన్న మనిషి ఒక్కరే. ఎర్ర ఇటుకల ఇల్లు, గుమ్మానికి ఎండిన మామిడాకులు. తలుపు తీసిన పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "తెలుగమ్మాయివా? రా, లోపలికి రా" అంది. రాజమండ్రి నుంచి కొడుకు దగ్గరికి ఆరు నెలలకొచ్చింది. నేను మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఓటు లేదమ్మా నాకు. కాఫీ ఉంది" అంది. అరగంట కూర్చున్నాను. ఏ ఊరు, ఏ జిల్లా, ఇంటిపేరేమిటి, మీ ఆయన వాళ్ళ ఇంటిపేరేమిటి, అన్నీ అడిగింది. ఈ చివరి ప్రశ్నలు ఎటు పోతాయో మనకు తెలుసు. ఆవిడ చల్లగా, అలవాటుగా అడిగింది. తర్వాత గుడి మెట్ల మీద, పుట్టినరోజు పార్టీల్లో అవే ప్రశ్నలు అంత చల్లగా రాలేదు. పార్టీ లేని ఎన్నిక అని ఇక్కడి చట్టం అంటే, అయితే ఏవాళ్ళు అని మనవాళ్ళు అడుగుతారు. గుర్తు లేదన్న ఖాళీ ఎవరికీ ఊపిరాడనివ్వదు, అందులో ఏదో ఒకటి పెట్టాలి.

మనవాళ్ళొక్కరే కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నగరాల్లో పార్టీ పెద్దలు టీచరు ఉద్యోగాలనూ కాంట్రాక్టులనూ పంచుకు తింటున్నారని సంస్కరణవాదులు గోలచేసి, చాలాచోట్ల స్కూల్ బోర్డుల్ని పార్టీలకు దూరం జరిపారు. పార్టీని వీధి గుమ్మం దగ్గర ఆపితే పెరటిదారిన వచ్చింది. కోవిడ్ తర్వాత మరీ. మాస్కుల మీద ఏమంటారు, లైబ్రరీలో ఫలానా పుస్తకం ఉండాలా వద్దా అని అడుగుతారు. జవాబు వినగానే మొహంలో తెలిసిపోతుంది, నన్ను ఏ గూట్లో పెట్టేశారో. ఫ్లోరిడాలో ఈ ముసుగెందుకు, పార్టీ పేరు పక్కనే రాసేద్దామని 2024లో రాజ్యాంగ సవరణ పెట్టారు. 60 శాతం కావాలి, 55 దగ్గర ఆగిపోయింది. మా పంచాయతీలు మాత్రం ఈ చిక్కును ఎప్పుడో విప్పేశాయి. ఎన్నిక పార్టీరహితం, మర్నాడు పేపర్లో మాత్రం ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థులు ఇన్ని చోట్ల గెలిచారని పట్టిక. చిన్నబాపునూ ఒక పార్టీ బలపరిచింది. బలం ఎంతో తర్వాత తెలిసింది.

అక్టోబరులో లైబ్రరీ హాల్లో అభ్యర్థుల సభ జరిగింది. లీగ్ ఆఫ్ విమెన్ వోటర్స్ వాళ్ళు నడిపారు. మూడు సీట్లకు అయిదుగురం. నా పక్క కుర్చీలో రిటైరైన స్కూలు నర్సు. డెబ్బై దాటి ఉంటుంది, నలభై ఏళ్ళుగా అదే ఊళ్ళో ఉంది. నేను మనసులో నర్సమ్మ అని పెట్టుకున్నాను. మా ఊళ్ళో ఆ పేరు వీధికొకరికి ఉంటుందని చెబితే చాలా సంతోషించింది. మొదలవడానికి ముందు ఒక చిన్న అట్టముక్క తీసి, "నీ పేరు ఎలా పలకాలి? ముక్కలుగా చెప్పు" అంది. ముక్కలుగా చెప్పాను. తన పద్ధతిలో ఏవో గీతలు, చుక్కలు పెట్టుకుని రాసుకుంది. నాలుగుసార్లు పలికింది. మూడోసారికి ద దగ్గర ఒత్తు వచ్చింది. సభలో నా వంతు రాగానే నిర్వాహకురాలు నా పేరు దగ్గర తడబడితే, పక్కనుంచి ఆమే అందించింది.

ఆమె చెప్పిందాంట్లో నేను ఒప్పుకోనిది దాదాపు ఏమీ లేదు. నాకున్న మూడు ఓట్లలో ఒకటి ఆమెకేనని ఆ రాత్రే అనుకున్నాను.

మూడు ఓట్లు. అసలు కథ ఇక్కడుంది. మూడు సీట్లు కాబట్టి ఒక్కొక్కరు ముగ్గురి దాకా వెయ్యొచ్చు, ముగ్గురికీ వేసి తీరాలని లేదు. నాకొక్కదానికి వేసి మిగతా రెండూ వదిలేస్తే, ఆ రెండు ఓట్లు నా పోటీదారులకు పడకుండా ఆగిపోతాయి. ఒకే ఓటుతో నన్ను పైకి లాగడం, మిగతా వాళ్ళను ఎదగనివ్వకపోవడం రెండూ అవుతాయి. చట్టబద్ధమే. అందరికీ తెలిసిన చిట్కానే. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఇలాంటివి చక్కబెట్టే తమ్ముడొకడున్నాడు, పిక్నిక్‌కి బిర్యానీ దగ్గర్నుంచి. ఎన్నికకు వారం ముందు ఫోన్ చేశాడు.

"అక్కా, మనోళ్ళందరికీ ఒకటే చెప్తా. మూడు గీకొద్దు, మీకొక్కటే. సరేనా?"

నేను సరే అనలేదు. వద్దనీ అనలేదు. "నీకెందుకు తమ్ముడూ అంత శ్రమ" అన్నాను. ఆ మాటకు తెలుగులో ఏమర్థమో మా ఇద్దరికీ తెలుసు. వద్దంటే అతను ఆగేవాడు. ఆ వారమంతా గ్రూపు తెరిచినప్పుడల్లా నా ఫొటో, కింద ఒక్క పేరు, ఒక్క నల్లచుక్క. పైన రాత, మనమ్మాయి. ఆ పోస్టులకు నేను లైకులు కూడా కొట్టలేదు. అదేదో గొప్పగా అనిపించింది అప్పుడు.

నవంబరు 7 రాత్రి లెక్కలొచ్చాయి. మూడో సీటు నాకు. నాలుగో స్థానం నర్సమ్మది. మధ్య 41 ఓట్లు.

మూడు వేయగలిగిన చోట ఒకటే వేసిన కాగితాలెన్నో, ఆ చిట్కా లేకపోతే వాటిలో 41కి మించి ఆమెకు పడేవో లేదో, కాగితాలు చెప్పవు. చిన్నబాపు ఫోన్లోనే బ్యాండు వాయించినంత పని చేశాడు. తమ్ముడు స్వీట్లు పంచాడు. నర్సమ్మ మర్నాడు పొద్దున్నే మా లాన్‌లోకొచ్చి, తన యార్డ్ సైన్లు తీసుకుంటూ మావి కూడా పెరికి గరాజు గోడకు ఆనించి వెళ్ళింది. నేను కిటికీలోంచి చూశాను. బయటికి వెళ్ళాల్సింది.

జనవరి మొదటి వారంలో ప్రమాణం. ముందు వేలిముద్రలు, పోలీసు రికార్డుల వాకబు, తర్వాత పాఠాలు. బోర్డు సభ్యులు పాటించాల్సిన నీతి నియమావళి చట్టంలోనే ఉంది. బడులు నడపడం నీ పని కాదు, అవి సక్రమంగా నడుస్తున్నాయో లేదో చూడటం నీ పని అని దాని సారం. బస్సు కోసం వచ్చినదాన్ని, బస్సులు నడిపే ఆఫీసరుకు నేరుగా ఫోన్ చేయకూడదని మొదటి రోజే తెలిసింది. చెప్పాల్సింది సూపరింటెండెంటుకు. తొమ్మిదిమందిలో ఒకదాన్ని, ఒక్కదాన్నిగా నాకు ఏ అధికారమూ లేదు.

మార్చిలో బడ్జెట్ ముసాయిదా వచ్చింది. 1.9 మైళ్ళ వాళ్ళకు బస్సు మళ్ళీ పెట్టారు. నా వల్ల అని చెప్పుకోను, అడిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. అదే పేజీలో ఏడు వరసల కిందకొస్తే రెండు చిన్నబడులకు కలిపి ఇక ఒకే నర్సు. బస్సు డబ్బులు నర్సు దగ్గరినుంచే వచ్చాయని ఎక్కడా రాసి లేదు. బడ్జెట్‌లో డబ్బుకు రంగుండదని ఖాతాలు చూసే ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఉన్న మొత్తం అంతే.

ఆ రాత్రి మీటింగులో నేను వేదిక మీదున్నాను, ముందు పేరు చెక్కిన పలక. హాలు నిండింది. మైకు దగ్గరికి ఏడో మనిషిగా నర్సమ్మ వచ్చింది. స్వెటర్ జేబులోంచి ఏదో తీస్తుందనుకున్నాను. ఏమీ తీయలేదు. పచ్చ దీపం వెలిగింది. నా వైపు తిరిగి నా పేరు మొత్తం పలికింది. ముందు పేరు, ఇంటిపేరు, ద కింద ఒత్తుతో సహా.

"మీరు బస్సు కోసం ఇక్కడే నిలబడ్డారు. ఆ రోజు నేను వెనక వరసలో ఉన్నాను. ఈ రోజు నేను నర్సు కోసం నిలబడ్డాను. ఆస్తమా పిల్ల ఒక బడిలో, నర్సు ఇంకో బడిలో ఉంటే మధ్య 1.9 మైళ్ళయినా చాలా దూరమే."

ఈ భాగంలో మేం మాట్లాడకూడదు. తల ఊపాను. అంతలో రికార్డు రాసే ఆవిడ చెయ్యెత్తి, మొదట్లోనే అడగాల్సింది మరిచిపోయానంటూ పేరూ స్పెల్లింగూ చెప్పమంది. నర్సమ్మ పోలిష్ ఇంటిపేరు పొడవైనది, జెడ్‌లూ డబ్ల్యూలూ ఎక్కడెక్కడో ఉన్నాయి. నెమ్మదిగా ఒక్కో అక్షరమే చెప్పింది. నేను పెన్ను తీసుకుని బడ్జెట్ కాగితం అంచున, ఆమె చెప్పినంత నెమ్మదిగా, ఒక్కో అక్షరమే రాసుకున్నాను. మధ్యలో ఒక అక్షరం తప్పిపోయింది. మళ్ళీ చెప్పమని అడిగాను.